క్షిపణి అల్లుడుగారికి నాగాయలంక స్వాగత పత్రం

మహారాజశ్రీ క్షిపణి అల్లుడుగారి దివ్యసముఖానికి, కృష్ణా జిల్లా దివిసీమ చిట్టచివర, ఏటికీ సముద్రానికీ మధ్య ఇరుక్కుని కాపురాలు చేసుకుంటున్న నాగాయలంక అత్తింటివారు చేసుకునే విన్నపం.

ఉభయకుశలోపరి. తమరు క్షేమమని తలుస్తాం. మా క్షేమం సంగతి తమరు వచ్చాక కళ్లారా చూద్దురుగాని, ఉత్తరంలో రాస్తే నమ్మరు.

ఈ సంబంధం మాట మా చెవిన పడి పదేళ్లు దాటింది. గొప్పింటి వ్యవహారం, తొందరపడకూడదని ఊరుకున్నాం. గుల్లలమోద దగ్గర తమరి పరీక్షా కేంద్రానికి చోటు చూశారు. చూశాక, అది కృష్ణా వన్యప్రాణి అభయారణ్యమని తేలింది. మడచెట్టు కొమ్మ విరిచినా కేసయ్యే అడవి అది. పొయ్యిలోకి నాలుగు పుల్లలు ఏరుకుందామని వెళ్లిన ముసలమ్మ గార్డు కనబడితే పుల్లలు అక్కడే పడేసి ఇంటిదారి పడుతుంది. అటువంటి అడవిలో 381 ఎకరాలు తమరికి కట్నం కింద రాసిచ్చారు. దేశరక్షణ గనుక మాకు పేచీ లేదు. మేం కూడా దేశంలోనే ఉన్నామని ఈ వంకతోనైనా ఎవరికో గుర్తొచ్చింది, అదే పదివేలు.

చివరికి 2025 మే 2న ముహూర్తం కుదిరింది. పెళ్లి మాత్రం మా వాకిట్లో జరగలేదు. అమరావతి వేదిక మీద ఒకే పూట 58 వేల కోట్ల రూపాయల పైచిలుకు పనులకు సామూహిక వివాహాలు చేస్తూ, ఆ వరసలోనే దాదాపు 1,460 కోట్ల తమరి లగ్నం కూడా కానిచ్చారు. ప్రధానమంత్రిగారు ప్రసంగంలో తమరి విడిదిని నవదుర్గ అన్నారు. పేరు అమ్మవారిదైనా మర్యాదలన్నీ అల్లుడివే గనుక మేం అల్లుడుగారనే పిలుచుకుంటాం. అక్కడ అమరావతిలో నిలబడి ఇక్కడ గుల్లలమోదలో శంకుస్థాపన చేయగలిగారంటే గురి బ్రహ్మాండంగా ఉన్నట్టే. మొదటి పరీక్ష ఆ రోజే నెగ్గిందని మా రేవులో అనుకున్నారు.

తమరి జాతకం కూడా విచారించాం. పుట్టిల్లు హైదరాబాదు కంచన్‌బాగు. ఆటపాటలన్నీ ఒడిశాలో, చాందీపూర్ ఒడ్డున. 1983లో మొదలైన క్షిపణి పథకంలో పృథ్వి, అగ్ని, ఆకాశ్, త్రిశూల్, నాగ్ అని అయిదుగురు అన్నదమ్ములు పుట్టుకొచ్చారట. పంచభూతాల్లో మూడు తమ ఇంట్లోనే ఉన్నాయన్నమాట. మిగిలిన రెండూ, నీరూ గాలీ, మా దగ్గర కావలసినన్ని. 1977 నవంబరు 19న రెండూ కలిసే వచ్చాయి. ఆ కథ తరవాత చెబుతాం, కొత్తల్లుడికి గుమ్మంలోనే చావుకబురు చెప్పకూడదంటారు.

ఇంతమంది ఉండగా మమ్మల్నే ఎందుకు ఏరుకున్నారని కొంతకాలం మాకు అర్థం కాలేదు. తరవాత తెలిసింది. క్షిపణి ఎగరాలంటే ఎదురుగా విశాలమైన సముద్రం ఉండాలి, చుట్టూ జనం పలచగా ఉండాలి. ఏదన్నా గురితప్పినా పెద్దగా గొడవ కాని చోటు కావాలి. సరిగ్గా మేమే.

జనం పలచగా ఉండటం కూడా ఒక అర్హతేనని మాకు తెలియదు, అల్లుడుగారూ. ఇన్నాళ్లూ అది మా నేరమే అనుకున్నాం. బస్సు అడిగితే అటు జనం తక్కువ, ఆదాయం రాదన్నారు. డాక్టరు కావాలంటే ఆ కొసకి ఎవరొస్తారన్నారు. బందరు నుంచి రేపల్లెకి దివిసీమ మీదుగా రైలు వెయ్యమని తాతలనాటి నుంచి అడుగుతుంటే, ఎక్కేవాళ్లెవరన్నారు. ఎక్కేవాళ్లు లేరట. కార్తీకంలో ఏదైనా బస్సు లోపల చూడండి, ఒక మనిషి కాలు ఇంకో మనిషి ఊరికెళుతుంటుంది. ఏ కారణం చూపించి అన్నీ లేవన్నారో, అదే కారణం చూపించి తమరిని పంపించారు. మా తలరాతలో అక్షరం మారలేదు, చదివేవాళ్లు మారారంతే.

మరొక విషయం మొహమాటం లేకుండా చెప్పుకోవాలి. తమరు మాకు మొదటి అల్లుడు కారు.

ముందు రొయ్యగారొచ్చారు. టైగర్ రొయ్య. తొంభైల మొదట్లో ఆయన మర్యాదలు చూసి తీరాల్సిందే. వరిచేలు తవ్వి చెరువులు పరిచాం. ఉప్పునీరు కాలువ కట్టి తెచ్చాం. పిల్లలకు పాలు కొనడానికి తటపటాయించినవాళ్లు ఆయనకు మేత బస్తాల లెక్కన కొన్నారు. రాత్రిళ్లు ఆయనకు ఊపిరాడుతోందో లేదోనని టార్చిలైట్లు పట్టుకుని గట్ల మీద కాపలా కాశాం. ఇంటో తండ్రికి ఆయాసమొస్తే తెల్లారాక చూద్దాంలే అన్నవాళ్లం. నాలుగేళ్లు తిరక్కుండా తెల్లమచ్చ తెగులు తగిలింది. ఒక్కరాత్రిలో చెరువుకి చెరువు పైకి తేలింది. 1996 డిసెంబరులో సుప్రీంకోర్టువారు తీరప్రాంత నిబంధనల పరిధిలో ఈ చెరువులేమిటని పెద్ద తీర్పు చెప్పారు. 2005లో పార్లమెంటువారు చట్టం చేసి, చెరువులు ఉండొచ్చు గానీ రిజిస్టరు చేసుకోండన్నారు. ఇలా తగవు తీరేసరికి 2009లో ఇంకొకాయన దిగాడు. వనామీ. పసిఫిక్ మహాసముద్రం అవతలివాడు, ముక్కూ మొహం తెలియనివాడు. అయినా అల్లుడు అల్లుడే.

ఈ వనామీగారి పెళ్లాం మా ఊరిదే గానీ పెత్తనమంతా వాషింగ్టన్‌ది. 2025 ఆగస్టులో అక్కడి అధ్యక్షులవారు మన సరుకు మీద సుంకం యాభై శాతానికి పెంచారు. ఎందుకంటే మన దేశం రష్యా నుంచి చమురు కొంటోందట. రష్యా ఎక్కడ, చమురెక్కడ, నాగాయలంక చెరువులో వంద కౌంటు రొయ్య ఎక్కడ! ఆ రొయ్య రష్యాను మ్యాపులో కూడా చూడలేదు. దానికి తెలిసిందల్లా ఏరియేటరు తిరుగుతోందా ఆగిందా అన్నదే. కానీ మాస్కోలో ట్యాంకరు కదిలితే మా గట్టు మీద కొనేవాడు బేరం తగ్గించాడు. ప్రపంచ రాజకీయాలు తెలుసుకోవాలంటే ఢిల్లీలో పెద్ద చదువులు చదవక్కర్లేదు, అల్లుడుగారూ. రెండెకరాల చెరువు లీజుకు తీసుకుంటే చాలు.

ఆయన సంగతి ఒకటి మాత్రం ఒప్పుకోవాలి, డబ్బు తెచ్చాడు. మేడలు లేచాయి. పక్కచేలో ఉప్పు కూడా లేచింది. చెరువుకీ వరికీ గట్టే అడ్డం, గట్టుకి ఆ సంగతి తెలియదు. వరి పండించే ముసలాయన గట్టు మీద నిలబడి తిడుతుంటాడు. తిట్టించుకునేవాడు సొంత కొడుకే కావటం వల్ల కేసు పోలీస్ స్టేషను దాకా పోదు.

తరవాత చమురుగారు. కృష్ణా గోదావరి బేసిన్‌లో కెయిర్న్, ఓఎన్‌జీసీ వాళ్లు బావి తవ్వి, చమురు దొరికిందని, ఆ నిక్షేపానికి నాగాయలంక అనే పేరు పెట్టారు. మురిసిపోయాం. వాటాదారుల నివేదికల్లో మా ఊరి పేరు ఇంగ్లిషులో అచ్చయింది. పేరు వాళ్లు తీసుకెళ్లారు, చమురూ వాళ్లే తీసుకెళ్లారు. మా ఊళ్లో పెట్రోలు బంకు దగ్గర రేటు మాత్రం అందరికీ ఎంతో మాకూ అంతే.

ఇక పెద్దింటి తోడల్లుడు ఒకాయన బందరులో ఉన్నాడు, ఓడరేవుగారు. ఆయన పెళ్లి ముచ్చట వింటే తమరికి నవ్వొస్తుంది. 2008లో ఒక ముఖ్యమంత్రిగారు శంకుస్థాపన చేశారు. 2019లో ఇంకో ముఖ్యమంత్రిగారు, ఎన్నికల నోటిఫికేషను వచ్చేలోపు, పనులకు మళ్లీ కొబ్బరికాయ కొట్టారు. 2023లో మూడో ముఖ్యమంత్రిగారు మరోసారి భూమిపూజ చేశారు. ఒకే పెళ్లికి మూడు ముహూర్తాలు, మూడు పూజలు, పురోహితుడికి మూడు సంభావనలు. డచ్చివాళ్లూ ఇంగ్లిషువాళ్లూ పదిహేడో శతాబ్దంలోనే ఓడలు తెచ్చి కలంకారీ బట్టలు మోసుకుపోయిన బందరు అది. వాళ్లు శిలాఫలకం మాట మరిచిపోయి నేరుగా వ్యాపారం పెట్టారు, ఎంత తెలివితక్కువవాళ్లో చూడండి.

ఇంతమంది అల్లుళ్లను చూసినవాళ్లం. అందుకే తమరి విషయంలో కొంచెం ముందుచూపుగా, రాకముందే కొన్ని మాటలు మనవి చేసుకుంటున్నాం.

దారి సంగతి. తమరు ధ్వనికంటే రెండు మూడు రెట్ల వేగంతో వెళతారని విన్నాం. నాగాయలంక మండలంలో వేగం ఇంకోరకంగా లెక్కపెడతారు. ఏటిమొగ రేవులో పంటు ఉంటుంది. అటుపక్క ఎదురుమొండి, నాచుగుంట, ఇంకా చిన్నాచితకా దీవులు. అక్కడివాళ్లు అన్నం తినాలన్నా అమ్ముకోవాలన్నా, పెళ్లికైనా చావుకైనా, పంటు ఎక్కాలి. పంటు మీద బియ్యం బస్తాలు, మోటారు సైకిళ్లు, పాలక్యాన్లు, ఎరువులు, బడిపిల్లలు, ఇంజెక్షను కోసం వెళ్లే ముసలివాళ్లు, అందరూ ఒక్క మట్టంలో నిలబడతారు. ఈ దేశంలో సోషలిజం ఇంకా ఎక్కడన్నా ఉందా అంటే అక్కడ ఉంది. ఆటుపోట్లు చూసుకోవాలి, గాలి చూసుకోవాలి, అవతలి ఒడ్డున ఆగి ఉన్న పంటు ఇటు వచ్చేదాకా బీడీ కాల్చుకోవాలి. ఏట్లో వరదొస్తే పంటు ఆగుతుంది. 2024 సెప్టెంబరు మొదట్లో ప్రకాశం బ్యారేజీ నుంచి 11.43 లక్షల క్యూసెక్కులు వదిలారు, బ్యారేజీ చరిత్రలోనే అంత నీరు ఎన్నడూ రాలేదు. ఆ నీళ్లన్నీ సముద్రంలోకి పోయే దారి మా వాకిలే. అదే వాకిట్లో వేసవిలో బిందె పట్టుకుని ట్యాంకరు కోసం నిలబడతాం. కృష్ణమ్మ మహాబలేశ్వరంలో పుట్టి, మహారాష్ట్ర, కర్ణాటక, తెలంగాణ దాటుకుని, ఎవరి వాటా వాళ్లకు పంచి, మా దగ్గరికొచ్చేసరికి ఆమె చేతిలో మిగిలేవి రెండే: అయితే వరద, కాకపోతే ఉప్పు. శివారు చేలకి సార్వాకి నీళ్లెప్పుడొస్తాయని అడిగితే, పులిగడ్డ అక్విడెక్టు దాటాయి, వస్తున్నాయంటారు. ప్రతి ఏడూ దాటుతూనే ఉంటాయి.

ఏటిమొగకీ ఎదురుమొండికీ మధ్య వారధి వేస్తామన్న మాట ఎన్ని ఎన్నికల నాటిదో లెక్కలు తీయటం అల్లుడి ముందు పరువు తక్కువ. ఒకటి మాత్రం నిజం, ఆ వారధి మాటల్లో చాలా గట్టిది. దాని మీదుగా ఎమ్మెల్యేలు అసెంబ్లీకి నడిచి వెళ్లారు, ఎంపీలు పార్లమెంటుకి నడిచి వెళ్లారు. అంత బరువు మోసి చెక్కుచెదరలేదు. దీవి మనిషి ఒకడు ఎక్కి దాటటమే కుదరలేదు.

మరి తమరి కోసమైతే రోడ్డు వేస్తారు. వెయ్యకపోతే లాంచరు ఎలా వస్తుంది? బరువైన వాహనాలు కదా, కల్వర్టులు కూడా కొత్తవి కావాలి. కరెంటు పోకూడదు. రాడార్లకు పోతే దేశం పరువు పోతుంది. ఏరియేటర్లకు పోతే రైతు పరువు ఒక్కటే కదా పోయేది. ఇవన్నీ తమరికి జరగాల్సిందే, మాకు అసూయ లేదు. కానీ లాంచరు దిగిపోయాక ఆ రోడ్డు మీద మా ఆటో వెళ్లనిస్తారా, లేక "నిషేధిత ప్రాంతం" అని మూడు భాషల్లో బోర్డు పెట్టి, తుపాకీ పట్టుకున్న కుర్రాడిని నిలబెడతారా, ఇప్పుడే చెప్పెయ్యండి. చదువుకున్నవాళ్లం, ముందే తెలిస్తే పాత బురదదారి పాడుపెట్టకుండా ఉంచుకుంటాం.

పాముల ప్రస్తావన చేయక తప్పదు. తమరి వంశంలో నాగ్ అనే పెద్దమనిషి ఉన్నారని పైనే అనుకున్నాం. మా సీమలోనూ నాగులున్నాయి, ఇంకా రకరకాలవి కూడా. వరినాట్ల వేళ కలుగుల్లోకి నీళ్లొచ్చి గట్లెక్కుతాయి. 2018 ఆగస్టులో దివిసీమలో పాముకాట్లు ఎక్కువైపోయి, వందమందికి పైగా అవనిగడ్డ ఆసుపత్రి గడప తొక్కారు. ప్రభుత్వం వెంటనే స్పందించింది. ఎలాగంటారా? దేవాదాయశాఖ ఆధ్వర్యంలో మోపిదేవి సుబ్రహ్మణ్యేశ్వరస్వామివారి గుళ్లో సర్పశాంతి హోమం చేయించింది. స్వామివారంటే మాకు ఎనలేని భక్తి, నాగులచవితికి పుట్టలో పాలుపోసే జనం మేం. ఆయన పని ఆయన చేస్తారు. మేం అడిగిందల్లా, కాటు పడిన మనిషి ఆసుపత్రికి చేరేలోపు దారిలో పంటు ఉందా, చేరాక బీరువాలో విరుగుడు మందు ఉందా అని. ఈ తర్కం దేశరక్షణకి కూడా పనికొస్తే ఖజానాకి ఎంత మిగులో ఆలోచించండి. శత్రుశాంతి హోమం ఒకటి చేయించి, 1,460 కోట్లు మిగుల్చుకోవచ్చు. కానీ శత్రువుకి హోమంతో సరిపెట్టరు, శత్రువంటే గౌరవం. ఓటరుకైతే సరిపోతుంది.

గుమ్మంలో చెప్పకూడదని దాచిన కథ ఇక చెప్పాలి. 1977 నవంబరు 19న ఉప్పెన వచ్చింది. అయిదారు మీటర్ల ఎత్తున నీళ్లు లేచి మైళ్ల కొద్దీ లోపలికి వచ్చాయి. సొర్లగొంది లాంటి ఊళ్లు తెల్లారేసరికి ఊళ్లుగా లేవు. ప్రభుత్వం లెక్కలో చచ్చిపోయినవాళ్లు పదివేల మంది. మా లెక్కలో ఇంకా ఎక్కువ, ఎందుకంటే సర్కారు శవాలను లెక్కపెట్టింది, మేం మనుషులను లెక్కపెట్టుకున్నాం. తుమ్మచెట్లకీ తాటిచెట్లకీ తగులుకుని బతికినవాళ్లు ఇంకా మా మధ్య ఉన్నారు. మడ అడవి దట్టంగా ఉన్నచోట నీటి జోరు తగ్గిందని వాళ్లే చెబుతారు. ఏ శాస్త్రవేత్తా నేర్పని పాఠం అది.

ఇక్కడ వ్యంగ్యం రావటం లేదు, మన్నించాలి.

ఆ దెబ్బ తరవాత తుపాను షెల్టర్లు కట్టారు. సముద్రానికి అడ్డంగా కరకట్ట ఉంది. ఎక్కడెక్కడ అది బలహీనమో తెలుసుకోవటానికి ఇంజినీరింగు నివేదికలు తిరగెయ్యక్కర్లేదు, తుపాను హెచ్చరిక రాగానే ఇసుక బస్తాలు ఎక్కడ వేస్తారో చూస్తే తెలిసిపోతుంది. 2023 డిసెంబరులో మిచౌంగ్ బాపట్ల దగ్గర తీరం దాటింది. 2025 అక్టోబరులో మొంథా నర్సాపురం దగ్గర దాటింది. ఒకటి ఇటు పక్కింటికీ, ఒకటి అటు పక్కింటికీ వెళ్లాయి. రెండుసార్లూ ఊపిరి పీల్చుకున్నాం, మా బదులు పక్కవాళ్లు పడ్డందుకు సిగ్గుపడ్డాం కూడా. ఏటా నవంబరు 19న పులిగడ్డ దగ్గర ఉప్పెనలో పోయినవాళ్ల స్తూపానికి నాయకులు పూలదండలు వేస్తారు. తమరి కొత్తింటి ప్రహరీ సంగతి మాత్రం మాకు బెంగలేదు. తుపానుకీ ఉప్పెనకీ తట్టుకునేలానే కడతారు, దానికి సిమెంటే వాడతారు, ఇసుక బస్తాలు కాదు. అల్లుడుగారూ, అనుమానం ఒకటే. దేశం మీదికొచ్చే శత్రువును ఎదుర్కోవడానికి గుల్లలమోదలో అంత ఏర్పాటు చేస్తున్నారు, ఆ ఒడ్డు మీదికే ఇదివరకు వచ్చి పదివేల మందిని తీసుకుపోయిన శత్రువు పేరు రక్షణశాఖ జాబితాలో ఉందా లేదా?

సరే, తాబేళ్ల దగ్గరికి వద్దాం, మనసు తేలికపడుతుంది. ఆలివ్ రిడ్లీ తాబేళ్లు శీతాకాలం చివర్లో మా ఒడ్డుకొచ్చి గుడ్లు పెడతాయి. అటవీశాఖవాళ్లు ఆ గుడ్లు ఏరి హేచరీల్లో పొదిగించి, పిల్లల్ని సముద్రంలోకి వదులుతారు. మంచి పని. పిల్లలు నడిచి వెళ్లే ఫొటో పేపర్లో కూడా పడుతుంది. తమరికి ఒడిశాలో అనుభవం ఉండే ఉంటుంది. అక్కడి అబ్దుల్ కలాం ద్వీపంలో 2024 జనవరి నుంచి మార్చి దాకా తాబేళ్ల కోసం క్షిపణి పరీక్షలు ఆపారు. ఆ వార్త చదివి మా బెస్తపాలెంలో ఒక ముసలాయన, "అయితే మనం కూడా గుడ్లు పెట్టటం నేర్చుకోవాల్రా" అన్నాడు. పరిహాసానికే అన్నాడు గానీ మాటలో పస ఉంది. మాకు వేట నిషేధం ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, 61 రోజులు. చేపలు గుడ్లు పెట్టుకునే కాలమని. ఆ రెండు నెలలకీ ఇదివరకు పదివేలిచ్చేవాళ్లు, 2025 నుంచి ఇరవై వేలు చేశారు. కాదనం. ఇక తమరి పరీక్షల రోజున ఎటూ సముద్రంలోకి వెళ్లొద్దంటారు. చేపల కోసం రెండు నెలలు, తాబేళ్ల కోసం కొన్నాళ్లు, తుపాను కోసం కొన్నాళ్లు, క్షిపణి కోసం కొన్నాళ్లు ఒడ్డునే ఉండాలి. సంవత్సరంలో వేటకెళ్లడానికి ఏయే రోజులు మిగులుతాయో పంచాంగంలో ఎర్రసిరాతో అచ్చువేసి ఇస్తే, మిగతా రోజుల్లో మేం సుఖంగా అప్పులు చేసుకుంటాం.

తమరితో కొలువుల మాట కూడా వస్తోంది. స్థానికులకు ఉద్యోగాలొస్తాయని నాయకులు చెబుతున్నారు. క్షిపణి శాస్త్రం మా పిల్లలకు రాదని కాదు, వీళ్లలో బుర్రున్నవాళ్లకి కొదవలేదు. కానీ ఆ చదువు చదవాలంటే ముందు పంటు దాటాలి, తరవాత బెజవాడ చేరాలి, ఆ తరవాత ఫీజు కట్టాలి. అది అయ్యేలోపు ఖాళీలన్నీ భర్తీ అయిపోతాయి. మిగిలేవి ప్రహరీ గోడ బయట గడ్డి కోసే పనీ, గేటు దగ్గర టీకొట్టూ. టీకొట్టుకి లైసెన్సు ఎవరి మేనల్లుడికో వెళ్లకుండా చూడండి చాలు. అల్లుడరికం ఆపాటి ఉపయోగపడకపోతే ఎలా?

కట్నకానుకలకు సంబంధించి ఇక ఒక్కటే కోరిక, అల్లుడుగారూ. పాతింట్లో తమరికున్న పద్ధతిని ఆధారం చేసుకునే అడుగుతున్నాం. 2024 జులైలో చాందీపూర్‌లో ఒక పరీక్ష జరిగినప్పుడు చుట్టూ మూడున్నర కిలోమీటర్ల వలయంలో ఉన్న పది గ్రామాల నుంచి పదివేల మందికి పైగా జనాన్ని ఆ పూటకి వేరే చోటికి తరలించారు. పెద్దలకు తలకి మూడు వందల రూపాయలు, పిల్లలకు దాంట్లో సగం ఇచ్చి, భోజనాలు కూడా పెట్టారు. చూశారా, జనాన్ని ఒకచోటి నుంచి ఇంకోచోటికి తీసుకెళ్లడం సర్కారుకి చేతకాదని ఎవరన్నారు? పదివేల మందిని తెల్లారగట్ల, క్షేమంగా, టైముకి, ఉచితంగా, పైపెచ్చు ఎదురిచ్చి!

అందుచేత మా మనవి. వలయం గీసేటప్పుడు కాస్త పెద్దగా గీయించండి. ఎదురుమొండి, నాచుగుంట, ఈలచెట్లదిబ్బ అన్నీ అందులో పడాలి. పరీక్షలు సోమవారం నుంచి శనివారం దాకా, ఉదయం ఏడున్నరకి ఒకటి, సాయంత్రం నాలుగున్నరకి ఒకటి పెట్టించండి. అప్పుడు తరలింపు లాంచీల్లో మా పిల్లలు బడికి వెళ్లొస్తారు. మంగళవారం పదిగంటలకి ఇంకోటి అదనంగా ఉంటే, షుగరు మందులకీ పింఛను పనులకీ ముసలివాళ్లను ఎక్కించేస్తాం. క్షిపణి నిజంగా ఎగరాల్సిన పనికూడా లేదు, హెచ్చరిక జారీ అయితే చాలు.

ఇట్లు,
తమ రాక కోసం ఇసుక బస్తాల మీద కూర్చుని ఎదురుచూస్తున్న
అత్తింటివారు, నాగాయలంక

తా.క. కాన్పులకి వేళాపాళా ఉండదు గనుక, అర్ధరాత్రి పరీక్షలు కూడా కొన్ని పెట్టించగలరు.